రోజు రాయని పిలుపు

త్సుబాకి రేవు, గోతో దీవులు
1968 నవంబరు 10

అక్కా,

ఆరు నెలల తర్వాత నా చేతిరాత చూసి కంగారు పడకు. ఎవరూ పోలేదు. పోవడానికి ఇక్కడ మిగిలిందెవరు కనక.

త్సుబాకి పూలచెట్ల గింజలు ఎండబెట్టడం అయిపోయింది. ఈ ఏడు నూనె తక్కువ. తోకు ముసలమ్మ ఒక గింజ కొరికి చూసి, "ఇవీ నీలాగే లోపల గుల్లయిపోయాయిరా జింపాచీ" అంది. ఆవిడకి ఎనభై రెండు. నోటికి మాత్రం పదహారే. చిలగడదుంపలు బాగా వచ్చాయి. ముక్కలు కోసి, ఉడికించి, వాకిట్లో తడికెల మీద ఆరబోశాను. గాలి ఉప్పగా కొడుతోంది, తొందరగానే ఎండుతాయి. ఆవు బాగుంది. నీ మరదలు హారు పోయి వచ్చే జనవరికి రెండేళ్ళు.

అసలు సంగతికి వస్తాను. మనం చిన్నప్పుడు ఈ రేవులో పాత పుస్తకంవాళ్ళ ఇళ్ళు ఇరవై రెండు ఉండేవి. పక్క రేవులో చర్చి కట్టాక కూడా ఫాదరు దగ్గరికి పోకుండా, ఏసుని మొక్కడం నేరమై తాతలు దాక్కున్న కాలంలో ఎలా మొక్కారో అలాగే మొక్కుతూ ఉండిపోయిన ఇళ్ళు. ఇప్పుడు రెండే ఉన్నాయి. మనది, తోకుది. తిథులు లెక్కకట్టే పుస్తకం నా దగ్గర ఉంది, జపాలు అందులో ఉండవు, నోటికే రావాలి. నా తర్వాత పట్టుకునేవాడు లేడు. నాకు పిల్లల్లేరన్న సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది.

నిరుడు ఏసు పుట్టినరాత్రికి హారు లేకుండా మొదటిసారి కూర్చున్నాను. పెద్ద జపం పూర్తి కాలేదు. ఎందుకో నువ్వు వచ్చాక చెబుతాను. అమ్మ నోట ఆ జపం విన్నవాళ్ళలో నేను కాక మిగిలింది నువ్వొక్కదానివే. అందుకని ఈ ఏడు నువ్వు రావాలి. పగటిపూట చుట్టపుచూపుగా కాదు. పుట్టినరాత్రికి వచ్చి చాప మీద కూర్చోవాలి.

చర్చిలో తలకి నీళ్ళు పోయించుకుని నువ్వు పెళ్ళాడిననాడు నాన్న అన్న మాట నాకు గుర్తుంది. "వేరే నీళ్ళు పోయించుకున్న తల ఈ చాప మీదికి రాకూడదు" అన్నాడు. నాకప్పుడు పద్నాలుగు. గుమ్మం పక్కన నిలబడి విన్నాను, నోరెత్తలేదు. నాన్న పోయాక పుస్తకం నా చేతికి వచ్చి ఇరవై ఆరేళ్ళయినా, ఆ మాట తీసెయ్యడానికి నాకు చేతకాలేదు. ఇప్పుడు తీసేస్తున్నాను. నలభై నాలుగేళ్ళు ఆలస్యంగా.

రోజు నీకు తెలుసు. మనవాళ్ళు పుస్తకం బయట రోజుని ఏ కాగితం మీదా పెట్టరు, నేనూ పెట్టను. తాత తండ్రి కాలంలో ఒక్క చీటీ దొరికి ఏడు ఇళ్ళవాళ్ళని తాళ్ళు కట్టి తీసుకుపోయారని అమ్మ చెప్పేది కదా. ఆవుకి వేడి కుడితి పెట్టే రోజు. అంతకంటే చెప్పక్కర్లేదు.

నీ తమ్ముడు
జింపాచి


ససెబో
1968 నవంబరు 24

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా కోడలు, "ఏంటత్తయ్యా, ఉల్లిపాయలు కోస్తున్నారా" అని అడిగింది. అవునన్నాను.

ఇక్కడ బజారంతా అప్పుడే దీపాలు కట్టేశారు. ఓడల మీది అమెరికా సైనికుల కోసమో ఏమో, దుకాణాల ముందు చెట్లు నిలబెట్టి వాటికి దూది అంటించారు. మా మనవడు ఆ దూది పీకి గడ్డంలా పెట్టుకుని దుకాణాయన చేత చీవాట్లు తిన్నాడు. వాడికి ఆ రోజు మీద గులాబీలున్న కేకు కావాలట. కేకు లేకపోతే పండగ రాదనుకుంటున్నాడు.

మనకి కేకు తెలుసా చెప్పు. ఎండిన చిలగడదుంప ముక్కలు దంచి, బియ్యప్పిండి కలిపి అమ్మ చేసిన అచ్చులే మన కేకులు. పుట్టేవాడి కోసం ఒకటి విడిగా చిన్న పళ్ళెంలో పెట్టేది. ఒక ఏడు అది మాయమైంది. నువ్వు తిన్నావు. దెబ్బలు నాకు పడ్డాయి. నాన్న అడిగితే, "అక్క అటు వెళ్ళడం చూశాను" అన్నావు చూడు, ఆరేళ్ళ పిల్లవాడివి, ఎంత నమ్మకంగా అన్నావు. ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్పేశాను, చెల్లు.

ఆ రాత్రి అమ్మ వెనకాల దీపం పట్టుకుని కొట్టంలోకి వెళ్ళేదాన్ని నేనే. కుడితి ఆవిరి, ఆవు ఊపిరి కలిసిపోయేవి. "పుట్టినవాడికి మొదట చలి పోగొట్టింది ఈ నోటి ఊపిరేనే, ఈ రాత్రి దీని కడుపు నిండాకే మన కడుపు" అనేది అమ్మ. నువ్వు అప్పటికి ఎప్పుడూ నిద్రపోయి ఉండేవాడివి. పుట్టినరాత్రి ఒక్కసారైనా చివరిదాకా మేలుకున్నావా నువ్వు?

సరే, వస్తాను. డిసెంబరు ఇరవై నాలుగు ఉదయం పడవకి బయల్దేరతాను. పొద్దుగూకే లోపల దిగుతాను. నీకు ఉన్ని సాక్సులు అల్లుతున్నాను. కేకు కూడా తెస్తాను, నవ్వకు.

నాన్న మాట తీసేశావని రాశావు. మా ఆయన బతికి ఉంటే ఆయనకి చదివి వినిపించేదాన్ని. నీ పుట్టింటివాళ్ళు నా వల్ల నిన్ను బయట పెట్టారని చివరిదాకా బాధపడ్డాడాయన.

ఆశతో,
అక్క షిగె


త్సుబాకి రేవు
1968 డిసెంబరు 6

అక్కకి,

ఉత్తరం అందింది.

ఇరవై నాలుగు మీ చర్చి రోజు. మన రోజు కాదు. ఆ సంగతి నీకు తెలియదంటే నేను నమ్మను. నాలుగేళ్ళ పిల్లలకి కూడా నేర్పేవాళ్ళు ఆ లెక్క. నీకు నేర్పింది అమ్మ, నాకు నేర్పింది నువ్వు. నా వేళ్ళు పట్టుకుని లెక్కపెట్టించావు.

అర్థమైంది. చాప మీద కూర్చోవడం ఇష్టం లేదు, రానని రాయడానికి మొహమాటం. అందుకని పుట్టినరాత్రి దాటాక కేకు పట్టుకుని చుట్టపుచూపుగా వస్తావు. ఇన్నేళ్ళూ వచ్చినట్టే. ఆ రోజు పక్క రేవు చర్చిలో గంటలు కొడతారు, బోలెడంత జనం ఉంటారు. నీ చోటు అక్కడ ఉంది. ఇక్కడిదాకా కష్టపడి రానక్కర్లేదు.

గాలి మొదలైంది. పడవలు ఒక రోజు వస్తే రెండు రోజులు రావు. ఈ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో తెలియదు.

జింపాచి


ససెబో
1968 డిసెంబరు 20

జింపాచీ,

నీ ఉత్తరం మొన్న పద్దెనిమిదిన అందింది. అప్పటికి నీ పుట్టినరాత్రి అయిపోయే ఉంటుంది.

సంచి సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. మనవడు రోజూ దాన్ని తెరిచి కేకు ఉందా అని చూస్తున్నాడు. నీ ఉత్తరం చదివి సంచి విప్పేశాను.

నలభై నాలుగేళ్ళు నన్ను గుమ్మం బయట ఉంచారు. లోపల ఏ రోజు ఏం జరుగుతుందో ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు పిలిచి, లెక్క మర్చిపోయావా అని తప్పు పడుతున్నావు. నలభై నాలుగేళ్ళుగా నాకున్న క్రిస్మస్ ఒక్కటే, ఇరవై ఐదు. ఒక్క తారీఖు రాసి ఉంటే నీ సొమ్మేం పోయేది? ఇప్పుడు తాళ్ళు పట్టుకుని ఎవరొస్తున్నారు మీ ఇంటికి? పోలీసులు కూడా ఆ రోజు కేకు కొనుక్కుంటున్నారు.

నీ ఉత్తరంలో నాన్న గొంతు వినపడింది. ఆ మాట తీసేశానని రాసి, నెల తిరక్కుండా నువ్వే మళ్ళీ అన్నావు.

నేను రావడం లేదు. సాక్సులు, కేకు పార్శిలు వేశాను. కేకు పాడైతే ఆవుకి పెట్టు.

షిగె


త్సుబాకి రేవు
1969 జనవరి 8

అక్కా,

తప్పు నాదే. నువ్వన్నది నిజం. రోజు రాసి ఉండాల్సింది. నాలుగు రోజులు కలం పట్టుకుని కూర్చుని ఇప్పటికి ఈ వాక్యం రాయగలిగాను.

ఆ రాత్రి ఏం జరిగిందో చెబుతాను. పదిహేనో తారీఖు అది. దాటిపోయింది కాబట్టి రాసినా ఫరవాలేదు. పొయ్యిగుంట చుట్టూ చాపలు పరిచాను. అన్నం, చేప, సాకె సారా, పుట్టేవాడికి విడిగా ఒక అచ్చు. తోకు వస్తుందని చూశాను. పొద్దుగూకాక ఆవిడ కొడుకు వచ్చాడు. "మామయ్యా, ఏమనుకోవద్దు. అమ్మని ఈ ఏడు మాతో చర్చికి తీసుకుపోతున్నాం. రేపు పోతే పాతిపెట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. తలుపు తీసి ఉన్నంతసేపూ తల దించుకునే నిలబడ్డాడు.

ఒక్కణ్ణే కూర్చున్నాను. పెద్ద జపం మొదలుపెట్టాను. "చుక్క దారి చూపగా" అన్నచోటికి వచ్చాక ఆగిపోయింది. నిరుడూ అక్కడే ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అక్కడే ఆగింది. మూడోసారి చెప్పలేదు. పుస్తకం మూసేసి, కొట్టంలోకి వెళ్ళి ఆవుకి కుడితి పెట్టాను. అది తింటుంటే దాని మెడ మీద తల ఆనించి కాసేపు ఉండిపోయాను. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

ఇంకొకటి. ఇరవై నాలుగున రేవుకి వెళ్ళాను. నీ ఉత్తరం అప్పటికి రాలేదు. నేను అలా రాసినా నువ్వు వస్తావేమో అని. సాయంత్రం పడవ వచ్చింది. దిగినవాళ్ళు నలుగురు. అటు పక్క రేవు చర్చికే నేరుగా వెళ్ళావేమో అనుకుని కొండదారిన నడిచాను. లోపలికి పోలేదు. బయట త్సుబాకి కంచె దగ్గర నిలబడి, కిటికీలోంచి ఆడవాళ్ళ వైపు చూశాను. అందరి తలల మీదా తెల్ల ముసుగులే. ఎవరు నువ్వో ఎలా తెలుస్తుంది. నీలాగే వంగి కూర్చున్న ఒకావిడ మీదే చూపు నిలిపి చివరిదాకా నిలబడ్డాను. బయటికి వచ్చాక చూస్తే ఎవరో కుర్రది. వాన పడుతోంది. ఎవరో వేడి టీ తెచ్చి, "లోపలికి రండి తాతా" అన్నారు. టీ తాగి వచ్చేశాను. ఆ తడికి దగ్గు పట్టుకుంది, పోతుందిలే.

కేకు నలిగి వచ్చింది. గులాబీ మాత్రం బాగానే ఉంది. తోకుకి ఇస్తే, "సబ్బుముక్కలా ఉందిరా" అని పూర్తిగా తినేసింది. సాక్సులు వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అచ్చు తిన్నది నేనే. అరవై ఏళ్ళు వస్తున్నాయి, ఒప్పుకుంటే ఏం.

నీ తమ్ముడు
జింపాచి


ససెబో
1969 ఫిబ్రవరి 2

తమ్ముడూ,

దగ్గు తగ్గిందా? చలిలో గంటసేపు కిటికీ బయట నిలబడ్డావా? నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది? దుంప అల్లం, బెల్లం కలిపి పంపుతున్నాను. వేడినీళ్ళలో వేసుకుని తాగు. మొహం చిట్లించకుండా తాగు.

నువ్వు తప్పు నాదే అని రాసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఆదివారం పూజకి వెళ్ళి కూడా ఫాదరుతో చెప్పుకోలేకపోయాను. ఇది ఆయనతో చెప్పే తప్పు కాదు. నీతో చెప్పాల్సినది.

నాకు రోజు తెలుసు.

ఏడాదిలో పగలు బాగా పొట్టిగా ఉండే రోజుకి ముందు వచ్చే ఆదివారం. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే, కోడలు నిద్రపోయాక క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూశాను. పదిహేను. ఒక్క క్షణం కూడా పట్టలేదు. ప్రతి ఏడూ చూస్తాను, జింపాచీ. నలభై నాలుగేళ్ళలో ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ మామూలుగా అన్నం తింటారు. నేను ఒక్క ముద్ద తగ్గించుకుంటాను. ఆవుకి పెట్టనిదే మనం కడుపు నింపుకోకూడదు కదా. ఇక్కడ ఆవు లేదు.

తెలిసీ ఇరవై నాలుగు అని రాశాను. నువ్వు నమ్మకపోతే నువ్వే తప్పు చేశావని కోప్పడ్డాను. ఒక్క తారీఖు రాసి ఉంటే అని దెప్పాను. నాకే సిగ్గుగా ఉంది.

ఎందుకో చెబుతాను. నువ్వు జపం కోసం పిలిచావు. నా దగ్గర జపం లేదు. నీ ఉత్తరం చదివి, వంటింట్లో తలుపు వేసుకుని మొదలుపెట్టాను. రెండు ముక్కలు చెప్పేసరికి చర్చిలో చెప్పే మాటలు వచ్చేశాయి. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అవే వచ్చాయి. నలభై నాలుగేళ్ళు నోరు తిరిగిన దారి అది. అమ్మ జపం మొదలు మొత్తం దానికింద పడి పోయింది. నాన్న అన్నది నిజమేనేమో అనిపించింది. వేరే నీళ్ళు పోసుకున్నాను, లోపలున్నది కొట్టుకుపోయింది.

చివర మాత్రం ఉంది. కొట్టంలోకి నడుస్తూ అమ్మ చెప్పేది, ఆ కాస్త. "గడ్డి మీద గాలి ఆగగా" అన్నదగ్గరి నుంచి. అలాంటి మాటలు చర్చిలో లేవు కాబట్టి అది చెదరలేదు. అంత చిన్న ముక్క పట్టుకుని చాప మీద ఏ మొహంతో కూర్చోను? నువ్వు ఆశగా చూస్తుంటే నా నోట చర్చి మాటలు వస్తే నీ ప్రాణం ఏమవుతుంది? అందుకని రోజు దాటాక వద్దామనుకున్నాను. నిన్ను చూడాలి, ఆ రాత్రి మాత్రం తప్పించుకోవాలి. రెండూ కావాలనుకున్నాను.

నువ్వు ఒక్కడివే కూర్చున్నావని రాశావు. నేను పిరికితనంతో నిన్ను అలా కూర్చోబెట్టాను. తిడితే తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

షిగె


త్సుబాకి రేవు
1969 ఏప్రిల్ 12

అక్కా,

రాయకుండా ఉండిపోయాను. మొదట కోపంతో. ఫిబ్రవరంతా నీ ఉత్తరం అటక మీద పెట్టి, దాని కింద నడవడం కూడా మానేశాను. తర్వాత ఏసు పాట్లు తలుచుకునే దుఃఖకాలం వచ్చింది, ఆ నలభై రోజులూ ఎవరి మీదా కోపం ఉంచుకోకూడదు. ఉంచుకోకపోతే ఏం రాయాలో తెలియలేదు.

నిన్న కొట్టంలో పేడ ఎత్తుతూ ఉన్నట్టుండి నవ్వొచ్చింది. తోకు గోడ అవతలి నుంచి, "పిచ్చి పట్టిందా" అని అరిచింది. పట్టిందన్నాను.

విను. మొదలు నా దగ్గరుంది. పొయ్యిగుంట దగ్గర నాన్న పక్కన కూర్చుని విన్నది "చుక్క దారి చూపగా" దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. నాకు రానిది చివర. నువ్వే రాశావు కదా, ఎప్పుడూ నిద్రపోయేవాడివని. అమ్మ కొట్టంలోకి నడుస్తూ చెప్పిన ఆ కాస్తా నేను మెలకువగా విన్న పాపాన పోలేదు. పెళ్ళయ్యాక చివర హారు చెప్పేది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. నేను మొదలు చెప్పి ఆపితే తను అందుకునేది. ముప్ఫై ఏళ్ళు అలాగే చేశాం. నేర్చుకోవాలని ఒక్కసారి కూడా తోచలేదు. తను ఉంది కదా అనుకున్నాను. పుస్తకం పట్టుకునే మనిషికి జపం సగమే వచ్చని నీకు రాయడానికి సిగ్గేసింది. అందుకే వచ్చాక చెబుతానన్నాను.

నువ్వు లేదని సిగ్గుపడ్డది నాకు అక్కర్లేదు. నాకు కావలసింది నీ దగ్గరున్న ఆ చివరి ముక్కే. మన ఇద్దరి కంటే బుద్ధితక్కువవాళ్ళు ఈ దీవుల్లో ఉంటారా?

నా ముక్కకీ నీ ముక్కకీ మధ్య రెండు మూడు మాటలు ఉన్నాయని గుర్తు. చుక్క దారి చూపగా ఎవరో ఎక్కడికో వెళతారు. ఆ ఎవరో, ఎక్కడికో ఇద్దరికీ తెలియదు. తోకుకీ తెలియదు, అడిగితే జపం మొదలవగానే కునుకు పట్టేదంది. అవి హారుతో పోయాయి. ఏం చేస్తాం. మాట తెలియనిచోట ఇద్దరం ఊరుకుందాం. ఆ తర్వాత నువ్వు అందుకో.

ఈ ఏడు డిసెంబరు ఇరవై ఒకటి. కాగితం మీద పెట్టాను. పుస్తకం పట్టుకున్నవాళ్ళలో నేను ఏడోవాణ్ణి, ఉత్తరంలో రోజు రాసినవాళ్ళలో మొదటివాణ్ణి. చూడు, ఒకటి అంకె వంకరగా పడింది. తాళ్ళు పట్టుకుని ఎవరైనా వస్తే నీ పేరే చెబుతాను.

రావాలి. నాన్న ఎక్కడున్నా విననీ. నీ చోటు నా పక్కన.

జింపాచి


ససెబో
1969 నవంబరు 16

తమ్ముడూ,

డిసెంబరు ఇరవైన బయల్దేరి అదే రోజు దిగుతాను. ఒక రోజు ముందే. గాలిని నమ్మను. కొడుకు తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. మనవడు మాత్రం నేను క్రిస్మస్‌ని రెండుసార్లు చేసుకోబోతున్నానని వీధంతా చెప్పి, వాడికీ రెండో కేకు కావాలంటున్నాడు.

నీ ముక్కని రాసి పంపమని అడగను. నా ముక్కనీ రాయను. తారీఖు రాసినందుకే అంకె వంకర పోయిందన్నావు. కానీ రోజూ బియ్యం కడుగుతూ చెప్పుకుంటున్నాను. ఒక్క మాట కూడా జారలేదు.

నీ దగ్గు సంగతి ఒక్క ఉత్తరంలోనూ రాయడం లేదు. రాయకపోతే నాకు తెలియదనుకోకు.

అక్క


త్సుబాకి రేవు
1969 డిసెంబరు 9

అక్కా,

అక్షరాలు వంకరగా ఉంటే పడుకుని రాస్తున్నాననుకో. దగ్గు ఉంది. పోలేదు. వానాకాలం నుంచి దానితో నెత్తురు కూడా వస్తోంది. నిన్న డాక్టరు పడవ వచ్చింది. ఆయన చెవి గొట్టం నా వీపుకి ఆనించి చాలాసేపు విన్నాడు. పెద్ద దీవి ఆసుపత్రికి వెంటనే రమ్మన్నాడు. ఇరవై రెండున వస్తానన్నాను. ఇరవై ఒకటిన పనుందని చెప్పాను. "ఏం పని?" అన్నాడు. "మా అక్క వస్తోంది" అన్నాను.

చాపలు ఉతికి ఆరేయించాను. తోకు మనవరాలు చేసిపెట్టింది. ఆవుకి కుడితి కోసం బార్లీ పక్కన పెట్టాను. అచ్చు ఒకటి పుట్టేవాడికి, ఒకటి నీకు. ఈసారి నేను ముట్టను.

తొందరగా రా. రోజు రాశాను కదా.

జింపాచి


త్సుబాకి రేవు, నీ ఇంట్లోంచి
1969 డిసెంబరు 22

తమ్ముడూ,

నేను ఇరవైన దిగాను. రేవులో తోకు ఒక్కతే కర్ర పట్టుకుని నిలబడి ఉంది. నువ్వు లేవు. పద్దెనిమిదిన నీకు ఊపిరి ఆడకపోతే చేపల పడవలో పెద్ద దీవికి తీసుకుపోయారట. నువ్వు వద్దని గింజుకున్నావట. "మూడు రోజులు ఆగండిరా, చచ్చిపోను" అన్నావని తోకు చెప్పింది. చెప్పి, "వాడి మాట ఎప్పుడు విన్నారు కనక" అని ముక్కు చీదుకుంది.

వెంటనే నీ దగ్గరికి రావాలని చూశాను. నేను దిగిన పడవే ఆఖరిది. గాలి తిరిగింది. టెలిఫోను తీగ కూడా తెగిందట, పోస్టాఫీసులో మూడుసార్లు అడిగాను. నువ్వు ఎలా ఉన్నావో, అసలు ఉన్నావో లేవో నాకు తెలియదు. ఈ ఉత్తరం పడవ కదిలినప్పుడు కదులుతుంది. బహుశా నేనూ దీనితోపాటే వస్తాను. అయినా రాస్తున్నాను. చెయ్యి ఊరుకోవడం లేదు.

నీ ఇంట్లో అన్నీ సిద్ధం చేసిపెట్టి వెళ్ళావు. పొయ్యిగుంట పక్కన రెండు చాపలు ఉన్నాయి, బార్లీ ఉంది, రెండు పళ్ళాల్లో రెండు అచ్చులు ఉన్నాయి. నా అచ్చు మీద నా పేరు రాసిన చీటీ పెట్టావు. అది చూసి గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చాను. చాలాసేపు లోపలికి అడుగుపెట్టలేకపోయాను. నాన్న మాట చెవిలో పడుతూనే ఉంది. నలభై ఐదేళ్ళయినా ఆయన గొంతు తగ్గలేదు.

తోకు వచ్చి నా వెన్ను మీద కర్రతో పొడిచింది. "లేవే. వాడు నీ కోసం తారీఖు రాశాడని ఊరంతా చెప్పుకున్నాడు. లోపలికి నడు" అంది. చర్చికి పోతున్నావటగా అన్నాను. "మోకాళ్ళ నొప్పని మా వాడితో చెప్పి వచ్చాను. మోకాళ్ళకి ఏ పుస్తకమైనా ఒకటే" అంది.

కూర్చున్నాను. నిన్న రాత్రి, నువ్వు రాసిన రోజునే, నీ చాప మీద కాదు, పక్కదాని మీద. నీ చాప ఖాళీగా ఉంచాను.

మొదలు ప్రయత్నించాను. చర్చి మాటలే వచ్చాయి. ఆపేశాను. తోకు కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. నా దగ్గర చివర తప్ప ఏమీ లేదు, మొదలు లేని జపం ఎక్కడైనా ఉంటుందా అనుకున్నాను.

అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. నిరుడు ఇదే గుంట దగ్గర, ఆ చాప మీద కూర్చుని నువ్వు మొదలంతా చెప్పావు. "చుక్క దారి చూపగా" దాకా చెప్పి ఆగిపోయావు. రెండుసార్లు చెప్పానని కూడా రాశావు. అంటే మొదలు అయిపోయింది కదా. ఆ తర్వాత మాట తెలియనిచోట ఊరుకుందామన్నావు. ఒక ఏడాది ఊరుకున్నాం.

నేను అక్కడి నుంచి అందుకున్నాను. "గడ్డి మీద గాలి ఆగగా" అన్నాను. బయట గాలి ఆగలేదు, పైకప్పు పీకేస్తుందేమో అన్నట్టు కొడుతూనే ఉంది. నేను చెబుతూనే ఉన్నాను. చెబుతూనే దీపం పట్టుకుని కొట్టంలోకి నడిచాను, అమ్మ నడిచినట్టే. కుడితి పెట్టాను. ఆవు తిన్నది. ఆఖరి మాట దాని ముందు నిలబడి చెప్పాను. ఒక్కటి కూడా పోలేదు.

పెద్ద జపం పూర్తయింది, జింపాచీ. పుస్తకం మూసి అటక మీద పెట్టాను. పుట్టేవాడి అచ్చు తోకు తినేసింది, ఎవరైనా అడిగితే జింపాచే తిన్నాడని చెప్పమంది. నీ చాప మాత్రం చుట్టలేదు.

చాప మీద కూర్చుని,
నీ అక్క
షిగె